పన్ను మీద అనుమానం, ఎముకలో జబ్బు: దవడకు చేరిన క్యాన్సర్‌ని పంటిరోగం అనుకునే చోట్లు

పన్నుపీకుడు_వద్దు (రూట్ కెనాల్ పని, జయనగర్)

పక్క థ్రెడ్‌లో "రెండుసార్లు ఆర్సీటీ (రూట్ కెనాల్) చేసినా నొప్పి తగ్గని కింది దవడ" అని అడిగితే వరసగా అందరూ వేరు కాలువ పూడ్చే సీలర్ల పేర్లు చెప్పారు. గదవ (కింది పెదవి కింది గడ్డం భాగం) మీద స్పర్శ ఉందా అని ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది విడిగా మొదలుపెడుతున్నా.

ఒంట్లో ఇంకెక్కడో పుట్టిన క్యాన్సర్ దవడకు చేరడం అరుదే. నోటి క్యాన్సర్లన్నిట్లో నూటికి ఒకటి, అంతే. కానీ అలాంటివాళ్ళలో సుమారు పావు వంతు మందికి అసలు గడ్డ ఉన్న సంగతే అప్పటికి తెలీదు. మొదటి కబురు నోట్లోంచి వస్తుంది, అదీ పంటినొప్పి వేషంలో. ఆడవాళ్ళలో రొమ్ము, మగవాళ్ళలో ఊపిరితిత్తి ముందుంటాయి. వాటి వెనక ప్రొస్టేట్, కిడ్నీ, థైరాయిడ్, కాలేయం, పెద్దపేగు. చేరేది ఎక్కువగా కింది దవడ వెనక భాగానికి, నమిలే పళ్ళ కింద. పెద్దవయసులోనూ అక్కడ ఎర్రమజ్జ కాస్త మిగిలి ఉంటుంది, రక్తం నిదానంగా నడుస్తుంది, కణాలు అక్కడ దిగబడతాయి.

నా మటుకు అనుమానం ఎక్స్‌రేతో మొదలవదు, లెక్క కుదరకపోవడంతో మొదలవుతుంది. పుచ్చు లేదు, పాత ఫిల్లింగ్ లేదు, ప్రోబ్ (చిగురు లోతు కొలిచే సన్నటి పుల్ల) ఎటు పెట్టినా 3 మిల్లీమీటర్లకు మించి దిగదు, అయినా పన్ను ఊగుతోంది. మిగతా నోరంతా గట్టిగా ఉండి ఒక్క పన్నే నెలలోపు వదులవడం చిగుళ్ళ జబ్బు నడిచే తీరు కాదు. అక్కడ మందుచీటీ పక్కన పెట్టి మొదటినుంచి చూడాలి.

హౌస్‌సర్జన్_3వబెంచీ

సార్, వేరు నిలువునా పగిలినా ఒక్క పన్నే ఊగుతుంది కదా? తేడా ఎలా?

పన్నుపీకుడు_వద్దు

పగిలితే ప్రోబ్ ఒక్కచోట మాత్రం సన్నగా 7, 8 మిల్లీమీటర్లు జారిపోతుంది, పక్కకు జరిపితే మళ్ళీ 3. పైగా అది చాలావరకు ఆర్సీటీ అయిన పన్నో, పోస్టు (వేరులో దించే కడ్డీ) దిగ్గొట్టిన పన్నో అయి ఉంటుంది. ముట్టని పన్నుకి, పాకెట్ (ప్రోబ్ జారే చిగురు గుంట) లేకుండా, కింద ఎముక మాయమైతే పగులు అని సరిపెట్టుకోవద్దు.

హిందూపురం_బండి (జనరల్ డెంటిస్ట్, కేసుల్ని బెంగళూరు పంపేవాణ్ణి)

దవడ లోపలి నరాన్ని గడ్డ నొక్కితే గదవ మొద్దుబారుతుంది, దాన్ని అడగడంలో భాష సంగతి ఒకటి చెప్పాలి. మనం కేస్‌షీట్‌లో "నంబ్‌నెస్: లేదు" అని టిక్ కొడతాం. పేషెంటు ఆ మాట ఎప్పుడూ అనడు. "తిమ్మిరా?" అంటే కాలు తిమ్మిరి గుర్తొచ్చి లేదంటాడు. మా అనంతపురం వైపు వినిపించే మాటలు ఇవి: "పెదవి మందంగా ఉంది", "సూది మందు ఇంకా దిగనట్టుంది", "కాఫీ గదవ మీద కారినా తెలీలేదు", "మెతుకు అంటుకుంటే ఇంట్లోవాళ్ళు చెప్పాలి". కన్నడం మాట్లాడేవాళ్ళు "జోము హిడిదిదె" అంటారు. ఇవన్నీ ఒకటే.

నేరుగా అడగాల్సిన ప్రశ్న: పొద్దున మొహం కడుక్కునేటప్పుడు గదవకి రెండు పక్కలా నీళ్ళ చల్లదనం ఒకేలా తెలుస్తోందా? మగవాళ్ళనైతే, గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు రెండు పక్కలా ఒకేలా తగులుతోందా? సగం మంది అప్పుడే చెయ్యి ఎత్తి తడుముకుంటారు.

కత్తీ_కుట్టూ (ఓరల్ సర్జన్)

మంచి ప్రశ్న. చేత్తో పరీక్ష రెండు నిమిషాల పని. కళ్ళు మూయించి దూదిపోచతో కింది పెదవి ఎర్రభాగం, గదవ చర్మం, పెదవి వైపు చిగురు, మూడూ రెండు పక్కలా తాకాలి. తర్వాత ప్రోబ్ మొనతో ఒకసారి, పిడితో ఒకసారి, ఏది గుచ్చుకుందో చెప్పమనాలి. స్పర్శ లేని మేర పెన్నుతో గీసి ఫోటో తీసి తేదీ వెయ్యండి. రెండు వారాల తర్వాత అది పెద్దదైందా లేదా అని వాదించుకోనక్కర్లేదు.

పెదవి వంకర పోదు, గుర్తుపెట్టుకోండి. కదిలించే నరం వేరు. మూతి సరిగ్గానే ఉందని స్పర్శ కూడా ఉందనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

గదవ మొద్దుబారిన ప్రతివాళ్ళకీ క్యాన్సర్ అని కూడా కాదు. జ్ఞానదంతం తీశాక, ఇంప్లాంటు నరం కాలువలోకి దిగితే, ఆర్సీటీ సీలర్ వేరు కొస దాటి నరం మీద పడితే, పెద్ద చీముగడ్డ నరాన్ని నొక్కితే కూడా వస్తుంది. వీటన్నిటికీ ఒక తేదీ ఉంటుంది: ఫలానా పని జరిగిన రోజు నుంచి. ఏ పనీ జరగకుండా, తనంతట తాను, ఒక పక్కే మొదలైతే అది వేరే కారణం తేలేదాకా క్యాన్సర్ కిందే లెక్క. రొమ్ము, లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) ముందు. మల్టిపుల్ మయిలోమా, ల్యుకేమియా (మజ్జ, రక్తం క్యాన్సర్లు) కూడా.

పన్నుపీకుడు_వద్దు

దీనికి తగిలించి ఒకటి. మావాళ్ళు ఎక్కువగా పడే గుంట ఇదే.

చల్లటి స్ప్రే దూదిలో ముంచి పన్నుకి పెడతాం. పలకకపోతే పల్ప్ (పన్ను లోపలి మెత్తటి కండ) చచ్చింది, ఆర్సీటీ చెయ్యాలి. బళ్ళో నేర్పింది అదే. కానీ ఆ పరీక్ష, కరెంటు పల్ప్ టెస్టర్ కూడా, కొలిచేది నరం జవాబుని. రక్తం ఆడుతోందా లేదా అన్నది కాదు. దవడ లోపలి నరాన్నే గడ్డ నొక్కేస్తే ఆ పక్క పళ్ళు వరసగా పలకవు, పల్ప్ మాత్రం ఎర్రగా బతికే ఉంటుంది. ఎక్స్‌రేలో వేరు కొస దగ్గర నల్లమచ్చ, చల్లదనానికి జవాబు లేదు. రెండూ కలిసి పక్కా చచ్చిన పన్నులా కనిపిస్తాయి. తెరుస్తారు. ఛాంబర్‌లోంచి తాజా రక్తం వస్తుంది. "కొంచెం మిగిలి ఉంది" అనుకుని ఫైలు (కాలువ గీకే సూది) దింపేస్తారు.

కాబట్టి ఒక్క పన్నుకే పెట్టి ఊరుకోవద్దు. రెండు పక్కలా, రెండో ప్రీమోలార్ (చిన్న దవడపన్ను) నుంచి ఆఖరి మోలార్ (పెద్ద దవడపన్ను) దాకా పెట్టండి. పుచ్చులేని మూడు నాలుగు పళ్ళు ఒకే పక్క పలకకపోతే తప్పు పళ్ళది కాదు, వాటికి వెళ్ళే తీగది. పెద్దవాళ్ళలో వేరు కాలువలు పూడుకుపోయి, క్రౌన్ (తొడుగు) ఉండి కూడా పలకవు, అందుకే రెండో పక్కతో పోల్చడం తప్పనిసరి. తిరగేసి కూడా చూడండి: మచ్చ ఉంది, పన్ను మాత్రం చక్కగా పలుకుతోంది. ఆ మచ్చ పల్ప్‌ది కాదు. డ్రిల్లు కింద పెట్టండి.

హౌస్‌సర్జన్_3వబెంచీ

తెరిచాక రక్తం కనిపిస్తే ఏం చెయ్యాలి సార్?

పన్నుపీకుడు_వద్దు

మచ్చ అంత పెద్దదై ఉండీ పల్ప్ నిండుగా రక్తం కారుతుంటే ఆ రెండూ ఒకే కథలో ఇమడవు. తాత్కాలికంగా మూసి ఓపీజీకి (రెండు దవడలూ కనబడే పెద్ద ఎక్స్‌రే) పంపండి. డబ్బు తీసుకున్నాం కదా అని పూర్తి చెయ్యొద్దు.

ఛాయాగ్రాహి (ఓరల్ రేడియాలజీ)

చిన్న ఫిల్మ్ ఐఓపీఏని (ఒకటి రెండు పళ్ళ ఎక్స్‌రే) నమ్ముకుంటే ఆలస్యం అవుతుంది. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే తప్ప అందులో మార్పు కనబడదు. ఐఓపీఏ మామూలుగా ఉంది కాబట్టి ఎముక బాగుంది అన్న మాట చెల్లదు.

ఓపీజీ తెరిచినప్పుడు చాలామంది కళ్ళు నేరుగా నొప్పి పన్ను మీదికే వెళ్తాయి. దాన్ని ఆఖర్న చూడండి. ముందు దవడ కింది అంచు తెల్లగీత ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తెగకుండా ఉందా? నరం కాలువ రెండు గోడలూ రెండు పక్కలా కనబడుతున్నాయా? కాండైల్ (దవడ కీలు ఎముక) తలలు రెండూ ఒకే ఆకారమా? కాండైల్‌లో గడ్డ దిగితే అది దవడ కీలు నొప్పిగా చెలామణీ అయ్యి నెలల తరబడి స్ప్లింట్ పెట్టుకు తిరుగుతారు. ముందుపళ్ళ దగ్గర వెన్నెముక నీడ పడి ఓపీజీ మసకగా ఉంటుంది, అక్కడ తేల్చుకోలేకపోతే విడిగా ఫిల్మ్ తియ్యాలి.

పల్ప్ నుంచి వచ్చిన మచ్చకు సాధారణంగా ఒక గుండ్రటి రూపం, వేరు కొసతో చుట్టరికం ఉంటాయి. దిగుమతి అయిన క్యాన్సర్ మచ్చకు అంచు ఉండదు, చెదలు తిన్నట్టు అక్కడక్కడ చిల్లులు. వేర్లు మామూలుగా అరగవు, ఎముక మాయమై పన్ను గాలిలో వేలాడుతున్నట్టు కనబడుతుంది. వేరు చుట్టూ పీడీఎల్ (వేరుకీ ఎముకకీ మధ్య పొర) గీత ఒకే మందాన వెడల్పైతే ఆస్టియోసార్కోమా (ఎముకలోనే పుట్టే క్యాన్సర్) కూడా మనసులో పెట్టుకోండి. ప్రొస్టేట్ నుంచి వచ్చింది నల్లగా కాక తెల్లగా గట్టిపడుతుంది, దాన్ని "ఎముక గట్టిగా ఉంది, మంచిదే" అని వదిలేసే ప్రమాదం ఉంది. రొమ్ముది రెండూ కలిపి ఉండొచ్చు.

పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది. కింది రెండో ప్రీమోలార్ కొస మీద మెంటల్ ఫోరామెన్ (గదవ నరం బయటికొచ్చే రంధ్రం) నీడ పడితే అచ్చం చీముమచ్చలాగే ఉంటుంది. ట్యూబు కోణం పక్కకు మార్చి ఇంకోటి తియ్యండి. నీడ వేరునుంచి జరిగిపోయి, లామినా డ్యూరా (వేరు గుంట చుట్టూ తెల్లగీత) తెగకుండా ఉంటే అది రంధ్రమే.

సీబీసీటీ (దవడల 3డీ ఎక్స్‌రే స్కాన్) గురించి: ఎముక గోడ ఎక్కడ తెగిందో చక్కగా చెబుతుంది. మజ్జలో ఏముందో చెప్పదు, మెత్తటి కండ అసలు తెలీదు. గదవ మొద్దుబారి ఓపీజీ, సీబీసీటీ రెండూ శుభ్రంగా వస్తే కథ ముగిసినట్టు కాదు. అప్పుడు కాంట్రాస్టుతో ఎంఆర్ఐ, అదీ దవడకు మాత్రమే కాదు, మొహానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మెదడు కాండం దగ్గర బయల్దేరిన చోటినుంచి, పుర్రె అడుగు రంధ్రం ఫోరామెన్ ఓవేల్ మీదుగా గదవ రంధ్రం దాకా. రిక్వెస్టులో "ఎంఆర్ఐ ఫేస్" అని మాత్రమే రాస్తే పుర్రె అడుగు సరిగ్గా కవర్ కాకపోవచ్చు. మొద్దుబారింది ఏ పక్క, ఎన్నాళ్ళనుంచి, అది కూడా రాయండి. టీ1 చిత్రంలో మజ్జ కొవ్వు తెల్లగా మెరవాలి. ఆ చోట నల్లబడితే ఏదో దాన్ని తోసేసి కూర్చుందని.

హిందూపురం_బండి

సీబీసీటీ ప్రతివాళ్ళకీ రాయడం మా ఊళ్ళో కుదిరే పని కాదు. ఓపీజీ కోసమే ఊరు దాటి వెళ్ళేవాళ్ళున్నారు.

ఛాయాగ్రాహి

ప్రతివాళ్ళకీ అక్కర్లేదు, నేనూ అనను. దూదిపోచ, చల్లటి స్ప్రే, ఒక ఓపీజీ. ఈ మూడిట్లో ఒకటి తేడా కొడితే అప్పుడు పై మెట్టు.

హిందూపురం_బండి

ఇంకో చిక్కు. పేషెంటు వచ్చేలోపే మెడికల్ షాపులో ఆమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ ఐదు రోజులు మింగి ఉంటాడు. "వాడితే తగ్గింది డాక్టరు గారూ, మళ్ళీ వచ్చింది" అంటాడు. తగ్గింది కాబట్టి ఇన్‌ఫెక్షనే అని మనమూ అనుకుంటాం.

కీమోవార్డు (ఆంకాలజీ రెసిడెంట్)

గడ్డ మీద పుండు పడి సూక్ష్మజీవులు చేరితే యాంటీబయాటిక్‌కి ఆ పైపై వాపు తగ్గుతుంది, కింద గడ్డ అలాగే ఉంటుంది. నిజంగా పంటి చీమే అయితే, చీముకి దారి ఇచ్చాక 48 నుంచి 72 గంటల్లో స్పష్టంగా దిగాలి. రెండో కోర్సు రాసే ముందు "మొదటిది ఎందుకు పనిచెయ్యలేదు" అన్నదానికి కేస్‌షీట్‌లో జవాబు రాయగలగాలి. మూడో కోర్సు రాసేవాళ్ళ చేతినుంచి పెన్ను లాక్కోవాలి.

యాంటీబయాటిక్ కన్నా నాకు భయం వేసేది డెక్సా. వాపుకి డెక్సామెథసోన్ సూది పొడవడం చాలాచోట్ల అలవాటు. అది లింఫోమా అయితే స్టెరాయిడ్‌కి రోజుల్లో కరుగుతుంది. వాపు పోయింది, నొప్పి పోయింది, అందరూ సంతోషం. మళ్ళీ లేచాక బయాప్సీ తీస్తే చచ్చిన కణాలే వచ్చి ఏమీ తేలదు. కారణం తెలీని దవడ వాపుకి ముక్క తీసేముందు స్టెరాయిడ్ వద్దు.

కత్తీ_కుట్టూ

పీకిన గుంట గురించి చెప్పకపోతే ఈ థ్రెడ్ సగమే.

డ్రై సాకెట్ పీకిన రెండో రోజో మూడో రోజో మొదలై, డ్రెస్సింగులతో వారం పది రోజుల్లో సద్దుమణుగుతుంది. గుంటలో బోసి ఎముక, కంపు, చెవిదాకా లాగే పోటు. కండ ఉండదు. అదే గుంటలోంచి కండ పైకి పొంగుకొస్తూ, తాకితే రక్తం కారుతుంటే అది డ్రై సాకెట్ కాదు. మామూలుగా మూడు నాలుగు వారాల్లో పైన చిగురు కప్పేస్తుంది. రెండు వారాలకు గుంట మూసుకునే దారిలో లేదంటే ఇంకోసారి గీకి జింకాక్సైడ్ యూజినాల్ పేస్టు కుక్కి పంపడం తప్పు. గీకిందాన్ని సీసాలో వేసి ల్యాబుకి పంపాలి.

పన్ను తియ్యగానే కండ వేగంగా పొంగడం చాలా కేసుల్లో చూసేదే. ఆ పన్ను కింద గడ్డ ముందే ఉంది, అందుకే పన్ను ఊగింది, అందుకే పీకారు. పీకడం వల్ల క్యాన్సర్ వచ్చిందని బంధువులు అనుకుంటారు. అది కాదు, పీకడం దానికి తలుపు తెరిచింది.

చిగురు మీద ఎర్రటి బుడిపె కూడా ఇదే కోవ. పయోజెనిక్ గ్రాన్యులోమా (క్యాన్సర్ కాని చిగురు బుడిపె) అనుకుని కోసి పారేస్తారు, మూడు వారాల్లో రెట్టింపు సైజులో వస్తుంది. కోసిన ఏ బుడిపెనీ చెత్తబుట్టలో వెయ్యొద్దు.

నీలిస్లైడు (ఓరల్ పెథాలజీ)

చెత్తబుట్ట మాట ఎత్తారు కాబట్టి నా వంతు. మాకు వచ్చే ముక్కల్లో సగం కష్టం క్లినిక్‌లోనే మొదలవుతుంది.

ముక్క పైపైన గోకొద్దు. గుంట నోటి దగ్గరుండేది చీముపట్టిన కండ, దాన్ని చూసి మేము "దీర్ఘకాలిక వాపు" అనే రాస్తాం, ఆ కాగితం పట్టుకుని పేషెంటు ఇంకో రెండు నెలలు తిరుగుతాడు. లోతునుంచి, గట్టిగా ఉన్న భాగం నుంచి, కనీసం 5 మిల్లీమీటర్ల ముక్కలు రెండు మూడు తియ్యండి. మత్తు సూది గడ్డలోకి కాదు, చుట్టూ ఇవ్వండి, లేదంటే కణాలు ఉబ్బి చెదిరిపోతాయి. ఎలక్ట్రోకాటరీతో కోస్తే అంచు మాడి సగం ముక్క పనికిరాదు.

ముక్క తీసిన గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, ముక్కకు పదింతలు ద్రవం. స్పిరిట్‌లో, సెలైన్‌లో, పేషెంటు తెచ్చిన కొబ్బరినూనె సీసాలో వద్దు (నవ్వకండి). మూతి వెడల్పున్న సీసా వాడండి. సన్నమూతి సీసాలో మెత్తటి ముక్క లోపలికి పోతుంది, గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాలి.

రొమ్ము క్యాన్సర్ అనుమానం ఉంటే ఇంకో లెక్క: ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు (ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి) నమ్మకంగా రావాలంటే ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. శనివారం సాయంత్రం తీసి సోమవారం పొద్దున బెంగళూరు బస్సులో పంపితే 40 గంటలు, ఫరవాలేదు. మధ్యలో ఇంకో పండగ సెలవొచ్చిందంటే గడువు అంచుకి వస్తుంది. తీసిన టైము సీసా మీద రాయండి.

లింఫోమా అనుమానమైతే ముక్క రెండు చెయ్యండి. ఒకటి ఫార్మలిన్‌లో. రెండోది సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో, ల్యాబుకి ముందే ఫోన్ చేసి, అదే రోజు.

ఎముక ముక్క అయితే ఇంకో తగువు. ఎముకని మెత్తబరచడానికి చాలా ల్యాబుల్లో నైట్రిక్ ఆసిడ్ లాంటి బలమైన ఆసిడ్ వాడతారు, ఒకటి రెండు రోజుల్లో పని అయిపోతుంది. కానీ ఆ ఆసిడ్ డీఎన్ఏని తినేస్తుంది, ఈఆర్, హెర్2 ఫలితాలను దెబ్బతీస్తుంది. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో మందు ఎంచుకోవడానికి చేసే ఈజీఎఫ్ఆర్ పరీక్ష ఆ బ్లాకు మీద కుదరకపోవచ్చు. ఈడీటీఏ అనే నెమ్మది రసాయనంతో మెత్తబరిస్తే రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, కానీ అన్నీ మిగులుతాయి. అన్నిటికన్నా తేలిక దారి: మెత్తటి కండ ముక్క ఒకటి విడి సీసాలో పంపండి, దానికి ఆసిడ్ అక్కర్లేదు.

హౌస్‌సర్జన్_3వబెంచీ

మేడమ్, మా దగ్గర రెడీమేడ్ బఫర్డ్ ఫార్మలిన్ అయిపోతూ ఉంటుంది. కలుపుకోవచ్చా?

నీలిస్లైడు

కలుపుకోవచ్చు. ఒక లీటరుకి: షాపులో దొరికే 37–40 శాతం ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. కిటికీలు తెరిచి, గ్లవుజులు వేసుకుని. ఉప్పులు లేకుండా ఉత్త ఫార్మలిన్, నీళ్ళు కలిపితే పుల్లబడి ముక్కలో నల్లటి రంగుమచ్చలు పడతాయి.

ఇంకోటి మర్చిపోయా. ఫారంలో "స్వెల్లింగ్ ? గ్రాన్యులోమా" అని రెండు ముక్కలు రాసి పంపొద్దు. పాత క్యాన్సర్ ఏదైనా ఉందా, ఎన్నేళ్ళ కింద, ఏ మందులు, గదవ స్పర్శ ఎలా ఉంది, ఓపీజీ కాపీ. మన దగ్గర వక్క, పొగాకు వల్ల చిగురులో పుట్టి ఎముకలోకి తినే స్క్వేమస్ (నోటి పైపొర) క్యాన్సరే వందరెట్లు చూస్తాం, కన్ను ముందు దాన్నే వెతుకుతుంది. స్లైడులో గ్రంథుల ఆకారం కనబడినప్పుడు అది లాలాజల గ్రంథిదా, ఇంకెక్కడినుంచో వచ్చిందా అన్నది మీరు రాసిన ఆ నాలుగు ముక్కలతోనే దారి పడుతుంది. తర్వాత ఐహెచ్‌సీ (కణాల్లోని ప్రొటీన్లకు రంగు వేసే పరీక్ష): టీటీఎఫ్1 వస్తే ఊపిరితిత్తి లేదా థైరాయిడ్, ఎన్‌కేఎక్స్3.1 వస్తే ప్రొస్టేట్, పీఏఎక్స్8 వస్తే కిడ్నీ లేదా థైరాయిడ్, గాటా3 వస్తే రొమ్ము. గాటా3 లాలాజల నాళపు క్యాన్సర్‌లోనూ వెలుగుతుంది, కాబట్టి ఒక్క రంగు చూసి రొమ్ము అనెయ్యకూడదు. ముక్క చిన్నదైతే ఈ రంగులన్నిటికీ చాలదు. అందుకే రెండు మూడు ముక్కలు అన్నది.

కత్తీ_కుట్టూ

మేడమ్ "లోతునుంచి తియ్యండి" అన్నారు, దానికి ముందు నాది ఒక బ్రేకు. కిడ్నీ, థైరాయిడ్, కాలేయం నుంచి వచ్చినవి రక్తపు సంచుల్లాంటివి. క్లినిక్ కుర్చీలో కోస్తే ఆపడం కష్టం. వేలు పెడితే కొట్టుకుంటోందా చూడండి. తర్వాత 18 గేజు సూదితో లాగండి. సిరంజిలోకి ధారగా రక్తం వస్తే అక్కడితో ఆపేసి ఆసుపత్రికి పంపండి. ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష), లివర్ పరీక్షలు చూడకుండా ఊగే పన్ను కూడా పీకొద్దు.

కారడం మొదలైతే: గాజుగుడ్డ గట్టిగా 20 నిమిషాలు, రక్తం ఆపే ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ కుక్కి కుట్టు. రక్తం ఆపే మందు ట్రానెక్సామిక్ ఆసిడ్ 500 మిల్లీగ్రాముల ఆంప్యూల్ 5 మిల్లీలీటర్లుంటుంది, అంతే నీళ్ళు కలిపితే 5 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు. గాజుగుడ్డ తడపడానికి అది చాలు.

మోడరేటర్

పైన ఒకరు పెట్టిన ఓపీజీ మీద పేషెంటు పేరు, ఆసుపత్రి నంబరు కనబడుతున్నాయి, తీసేశాం. మూల కత్తిరించి మళ్ళీ పెట్టండి.

పన్నుపీకుడు_వద్దు

కీమోవార్డు గారూ, ముందే క్యాన్సర్ ఉండి జోలెడ్రోనిక్ ఆసిడ్ (ఎముకల సూది) మీద ఉన్నవాళ్ళ సంగతి? వాళ్ళ దవడలో ఎముక బయటపడితే మేము ఎంఆర్‌ఓఎన్‌జే (మందు వల్ల దవడ ఎముక చావడం) అనేస్తాం. అందులో ముక్క తియ్యకూడదని కూడా నేర్చుకున్నాం.

కీమోవార్డు

చాలా చిక్కు ప్రశ్న. ఎంఆర్‌ఓఎన్‌జే అనాలంటే: ఆ మందు వాడి ఉండాలి, ఎముక 8 వారాలకు పైగా బయటపడి ఉండాలి లేదా చిల్లులోంచి ప్రోబ్‌కి తగలాలి, దవడకు రేడియేషన్ ఇచ్చి ఉండకూడదు, దవడలో గడ్డ దిగి ఉండకూడదు. చివరి ముక్కనే అందరూ మర్చిపోతారు. ఎముకలకు క్యాన్సర్ పాకింది కాబట్టే ఆ మందు ఇస్తున్నాం, నాలుగు వారాలకోసారి 4 మిల్లీగ్రాములు. అంటే దవడకు కూడా పాకే అవకాశం ఎక్కువ ఉన్నవాళ్ళలోనే, ఆ అవకాశాన్ని కొట్టెయ్యాల్సిన జబ్బు పేరు పెడుతున్నాం. రెండూ ఒకేచోట ఉండొచ్చు కూడా.

కదలని, మార్పు లేని బోసి ఎముకకు ముక్క తీస్తే గాయం పెద్దదవుతుంది, అక్కడ తియ్యొద్దన్నది సరే. కానీ కండ పెరుగుతోందా, వాపు వారాల్లో ఎదుగుతోందా, వేరేచోట కూడా జబ్బు ముదురుతోందా, అప్పుడు తియ్యాలి. ఇక గదవ మొద్దుబారడం ఎంఆర్‌ఓఎన్‌జేలో కూడా వస్తుంది, కాబట్టి అది ఒక్కటే తేల్చదు, ఎంఆర్ఐ కావాలి.

కత్తీ_కుట్టూ

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తా. మార్పు లేని ఎముకైనా, ఆపరేషన్ చేసి చచ్చిన ఎముక తీసినప్పుడు ఆ ముక్కలన్నీ ల్యాబుకి వెళ్ళాల్సిందే. ప్రత్యేకంగా కొయ్యక్కర్లేదు, తీసినదాన్ని పారెయ్యకుండా ఉంటే చాలు.

కీమోవార్డు

అందులో విభేదం లేదండీ, పూర్తిగా ఒప్పుకుంటా. కీమో మధ్యలో ఉన్నవాళ్ళకి ఏది కొయ్యాలన్నా ముందు న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,000 పైన, ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉన్నాయా చూసి, ఆంకాలజిస్టుకి ఫోన్ చేసి తేదీ పెట్టుకోండి. డోసు తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్లు అడుగున ఉంటాయి.

మారతహళ్ళి_మేడమీద

నేను డాక్టర్ని కాదు. ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఎప్పుడో నయమైన పెద్దవాళ్ళున్న కుటుంబాలు పంటి డాక్టరు దగ్గర ఏం చెప్పాలి? ఐదేళ్ళు దాటితే చెప్పక్కర్లేదా?

నీలిస్లైడు

పదేళ్ళు దాటినా చెప్పాలమ్మా. రొమ్ము, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు చాలా ఏళ్ళ తర్వాత కూడా తిరిగి తలెత్తుతాయి. ఫారంలో "షుగర్, బీపీ" గళ్ళు మాత్రమే ఉన్నా పక్కన రాయించండి. పాత పెథాలజీ రిపోర్టు కాపీ, ఆఖరి స్కాన్ రిపోర్టు, వాడుతున్న సూదుల పేర్లు తీసుకెళ్ళండి. నెలకో, మూడు నెలలకో, ఏడాదికో "ఎముకల సూది" అంటే జోలెడ్రోనిక్కా డెనోసుమాబా అన్నది పేరుతో సహా ఉండాలి. అలాగని ప్రతి పంటినొప్పికీ భయపడొద్దు, క్యాన్సర్ వచ్చినవాళ్ళకీ ఎక్కువసార్లు వచ్చేది మామూలు పుచ్చే.

ఛాయాగ్రాహి

దానికి తోడు, పెట్ సీటీ రిపోర్టులో "దవడలో చురుకుదనం, బహుశా దంత సంబంధం" అన్న వాక్యం ఉంటే అక్కడితో వదిలెయ్యొద్దు. చీముపట్టిన పన్ను కూడా ఎఫ్‌డీజీని (పెట్ స్కాన్‌కి ఎక్కించే చక్కెరలాంటి మందు) పీల్చి మెరుస్తుంది, బోన్ స్కాన్‌లో కూడా అంతే, కాబట్టి ఆ వాక్యం చాలాసార్లు నిజమే. కానీ అది ఊహ, పంటి పరీక్ష చేసి రాసింది కాదు. ఆ మెరుపు ఉన్న పన్నుని ఎవరో ఒకరు చల్లటి స్ప్రే పెట్టి, ఐఓపీఏ తీసి, నిజంగా పుచ్చో చీమో ఉందా చూడాలి. ఉంటే వైద్యం చేసి, తర్వాతి స్కాన్‌లో మెరుపు పోయిందా చూడండి. అక్కడ పన్నే లేకపోతే, లేదా పన్ను నిక్షేపంలా ఉంటే, ఆ వాక్యం తప్పు.

హిందూపురం_బండి

ఆఖరి ప్రశ్న, పంపడం గురించి. మా వైపువాళ్ళు బెంగళూరు వచ్చి ఎక్కడికి వెళ్ళాలో తెలీక మెజెస్టిక్ బస్టాండులో దిగి మళ్ళీ ఫోన్ చేస్తారు.

కత్తీ_కుట్టూ

ముక్క తియ్యాల్సిన దశలో ఉంటే కోట దగ్గర విక్టోరియా ఆసుపత్రి పక్కనున్న గవర్నమెంట్ డెంటల్ కాలేజీ. సర్జరీ, పెథాలజీ, రేడియాలజీ ఒకేచోట ఉంటాయి. క్యాన్సర్ అని కాగితం చేతిలో ఉంటే నేరుగా హోసూరు రోడ్డు వైపు, నిమ్హాన్స్ ఆసుపత్రి పక్కన కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి. చీటీ మీద "నోటి పరీక్ష కోసం" అని కాకుండా "కుడి గదవ 5 వారాలుగా మొద్దు, 46 పన్ను (కుడి కింది మొదటి మోలార్) పీకిన గుంట మానలేదు, క్యాన్సర్ పాకిందని అనుమానం, బయాప్సీ కావాలి" అని రాయండి. అలా రాస్తే లైను మారుతుంది.

కీమోవార్డు

వచ్చేముందు మీ ఊళ్ళోనే చేయించగలిగినవి: రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, క్రియాటినిన్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, లివర్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, మగవాళ్ళకి పీఎస్ఏ (ప్రొస్టేట్ రక్తపరీక్ష). ఆడవాళ్ళకి రొమ్ము పరీక్ష, అందరికీ మెడలో థైరాయిడ్ తడమడం. వీటికి పెద్ద ఖర్చు లేదు. కాల్షియం బాగా ఎక్కువై మనిషి మగతగా, దాహంగా, మలబద్ధకంతో ఉంటే ఓపీ లైను కాదు, ఎమర్జెన్సీ.

దవడలో నొప్పికి తర్వాత రేడియేషన్ ఇస్తాం: ఒకేసారి 8 గ్రే (రేడియేషన్ కొలత), లేదా 5 విడతల్లో 20, లేదా 10 విడతల్లో 30. నొప్పి చాలామందికి తగ్గుతుంది, స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేం. రేడియేషన్‌కీ ఎముకల సూదికీ ముందు చెడిపోయిన పళ్ళు తీసెయ్యాలి, గుంట మానడానికి కనీసం రెండు మూడు వారాలు కావాలి. గడ్డ ఉన్నచోటే ఊగే పన్ను మాత్రం మాతో మాట్లాడకుండా తియ్యొద్దు.

హిందూపురం_బండి

రాసుకున్నా. ఇంకొకటి, ల్యాబులో ముక్క పెట్టి ఊరికి వెళ్ళిపోతారు, రిపోర్టు ఒక్కటే వాట్సాప్‌లో వస్తుంది. అది చాలా?

నీలిస్లైడు

చాలదు. క్యాన్సర్ ఆసుపత్రివాళ్ళు స్లైడులు మళ్ళీ వాళ్ళే చూస్తారు, మిగతా రంగులు వాళ్ళే వేస్తారు. రిపోర్టుతోపాటు స్లైడులు, మైనపు బ్లాకు రెండూ సంతకం పెట్టి తీసుకోమనండి. బ్లాకుని బస్సులో కిటికీ పక్కన ఎండలో పెట్టొద్దు, మైనం కరుగుతుంది. స్లైడులకి ప్లాస్టిక్ పెట్టె అడిగితే ఇస్తారు. కాగితంలో చుట్టి ప్యాంటు జేబులో పెట్టుకుంటే మాకు చేరేది గాజుపొడి.